గుడ్రున్ తిరిగి ఇవ్వని బ్యాటన్

నేను ఒక రిలే బ్యాటన్‌ని. అడుగు పొడవున్న బోలు అల్యూమినియం గొట్టాన్ని. జర్మనీలో, రూర్ నది పక్కనున్న బొగ్గుగనుల ఊళ్లో, సైకిల్ పంపులు చేసే కార్ఖానాలో పుట్టాను. నా తోబుట్టువులు టైర్లకు గాలి కొట్టుకుంటూ బతికారు. నాకు మాత్రం ఎర్ర రంగు పూసి పరుగు పందేలకు పంపారు. గొప్పలు పోతున్నానని అనుకోకండి గానీ, రిలేలో అసలు పరిగెత్తేది నేనే. నలుగురు మనుషులు తలా వంద మీటర్లు పరిగెత్తి ఆయాసపడతారు. నాలుగు వందలూ దాటేది నేనొక్కదాన్నే. అయినా దండలు వాళ్లకు, గోనెసంచి నాకు.

నన్ను పట్టుకున్న చేతుల్లో గుడ్రున్ చెయ్యి వేరు. గని కార్మికుడి కూతురు. పద్దెనిమిదేళ్లకే జాతీయ జట్టులోకి వచ్చింది. తిన్నటి దారిలో ఆమెను దాటిపోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవారు, మలుపులో మాత్రం ఎవరూ లేరు. అందుకే పదకొండేళ్లపాటు, మలుపులో సాగే మూడో పరుగు ఆమెదే. ఒక్కసారి కూడా నన్ను నేలపాలు చెయ్యలేదు.

యూరప్ పోటీలకు జట్టును ఎంచే రోజు వచ్చింది. నాలుగో పరుగు ఉల్రికెది. రిలేలో అందుకునే మనిషి వెనుక, ట్రాక్ మీద ఒక టేపు ముక్క అంటిస్తారు. వచ్చే మనిషి దాన్ని దాటగానే ఈమె కదలాలి, ఇక వెనక్కి చూడకుండా చెయ్యి చాచాలి. ఆ టేపు దూరాన్ని ఎవరి పాదాలతో వాళ్లు కొలుచుకుంటారు, మడమకు బొటనవేలు ఆనించుకుంటూ. ఉల్రికె కొలత ఇరవై ఆరు పాదాలు. ఆమె ఒళ్లు వేడెక్కించుకుంటుంటే, కోచ్ రైమండ్ సాయం చేద్దామని తనే కొలిచి అంటించాడు. సరిగ్గా ఇరవై ఆరే, కానీ తన బూట్లతో! ఆయనవి ఏనుగు పాదాలు. టేపు మీటరున్నర వెనక్కి పోయింది.

ఉల్రికె ముందే కదిలిపోయింది. గుడ్రున్ "హెప్!" అని చెయ్యి చాచమన్నట్టు అరిచి, ఒళ్లంతా సాగదీసి నన్ను అందించబోయింది. అందలేదు. నేను ఠంగుమని కింద పడ్డాను.

"ఇరవై తొమ్మిదేళ్లొచ్చాయి గుడ్రున్. కాళ్లు నీ మాట వినట్లేదు. ఇక చాలు" అన్నాడు రైమండ్.

గుడ్రున్ ఉల్రికె బూటు విప్పించి, దాంతో టేపు నుంచి ఆమె నిలబడ్డ చోటుదాకా వంగి కొలిచింది. "ముప్పై రెండు వచ్చాయి. ఇది మీ కాలి కొలత. ఈమెది కాదు."

"నాకే కొలతలు నేర్పుతున్నావా?"

ఉల్రికె తల వంచుకుంది. ఆమె చోటు ఆమెకు ముఖ్యం మరి. నాకు నోరుంటే మైదానం దద్దరిల్లేలా చెప్పేదాన్ని. 'మూడో రన్నర్ అలసట వల్ల బ్యాటన్ జారింది' అని నివేదికలో రాసి గుడ్రున్‌ను జట్టులోంచి తీసేశారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జట్టు సామాన్లు అప్పగించమన్నప్పుడు ఆమె నన్ను మాత్రం ఇవ్వలేదు. "కావాలంటే పోలీసుల్ని పిలుచుకోండి" అని గేటు దాటేసింది. ఎవరూ పిలవలేదు.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె వంటింట్లో నాది అప్పడాల కర్ర ఉద్యోగం. ఆదివారం నూడుల్స్‌కు పిండి నాతోనే ఒత్తుతుంది. నాకేం చిన్నతనం లేదు.

పోయిన చలికాలం క్రీడా మ్యూజియం నుంచి టోబియాస్ అనే ఆయన నా కోసం వచ్చాడు.

"అద్దాల పెట్టెలో పెడతాం మేడమ్. మీ పేరు కూడా ఉంటుంది."

"పేరు పక్కన ఏం రాస్తారు?"

ఆయన నీళ్లు నమిలాడు. "పాత నివేదికలో ఉన్నదే..."

"అది కొట్టేయండి. కోచ్ తన బూట్లతో కొలిచాడని రాయండి. ఇప్పుడే ఇచ్చేస్తా."

"ఆయన పోయి చాన్నాళ్లయింది కదండీ. ఇప్పుడెందుకు ఇదంతా?"

"నేనింకా పోలేదుగా!" అంది గుడ్రున్.

ఆయన కోటు తొడుక్కున్నాడు. ఆమె బల్ల మీద పిండి చల్లి నన్ను చేతిలోకి తీసుకుంది. నివేదికలోని ఆ వాక్యం మారేదాకా ఈ పిండి ముద్ద మీదే దొర్లుతాను.