అరవై నాలుగు నాటి గెజిట్

రాజరత్నం రెండో బీరువా తుడిచేసి, మూడోదాని అద్దం మీద ఉఫ్ మని ఊది, పాత పంచె ముక్కతో రుద్దుతున్నాడు. మార్కాపురం గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన పని ఒక్కటే: అడిగినవాడికి ఏది ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో తీసి చూపించడం. వంగిన నడుము, సిరా పట్టిన చూపుడువేలు, ఒక కాడకు దారం చుట్టిన కళ్ళజోడు. ఆయన బల్ల ముందున్న కుర్చీ మటుకు నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఒకప్పుడు పరీక్ష పిల్లలు, కోర్టు గుమాస్తాలు, పలకల గని మేస్త్రీలు, ఎవరు కూర్చోలేదు దాంట్లో!

ఇప్పుడెవరు కూర్చుంటారు? అందరూ మహా పండితులైపోయారాయె. తలుపు పక్కన కంప్యూటర్ పెట్టారు, చేతుల్లో ఫోన్లు ఉండనే ఉన్నాయి. వచ్చేది ఫ్యాను గాలికి, ఛార్జింగ్‌కి. మనిషిని అడగాలంటే నామోషీ.

ఆ గురువారం పదకొండింటికి యర్రగొండపాలెం నుంచి వీరాంజనేయులు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు, బుర్రా అంతే. తాత పుల్లయ్య దున్నిన రెండెకరాలు అడవిలోవని నోటీసు వచ్చింది. వచ్చే బుధవారం విచారణ. 1964 నాటి గెజిట్‌లో తాత పేరు చూపిస్తే చేను నిలుస్తుంది, లేకపోతే పోతుంది. తాత పేరూ, చేను గొడవా ఫోన్‌లో ఎవరికో గట్టిగా చెబుతూనే కంప్యూటర్ ముందు నిలబడి 'ప్రకాశం జిల్లా గెజిట్ 1964' అని కొట్టాడు. ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. గట్టిగా కొడితే వస్తుందనుకున్నాడు కాబోలు.

రాజరత్నం ఉండబట్టలేకపోయాడు.

"నాయనా, అరవై నాలుగులో ప్రకాశం జిల్లా యాడుంది? పుట్టనే లేదు. డెబ్బై దాకా మనం కర్నూలోళ్ళం. ఆ గెజిట్ నా ఎనకాల బీరువాలోనే ఉంది. ఇట్ల కూసో, తీసిస్తా."

"మనది కర్నూలేంది పెద్దాయనా! మ్యాప్ సూడు, ఒంగోలని చూపిస్తాంది. నువ్వు పాతకాలంలోనే ఉండిపోయినావు."

"నీకు కావాల్సింది పాతకాలం కాయితమే గదా?"

"ఒంగోలు బస్సు పోతాది" అంటూ ఫోన్ చూసుకుంటూనే మెట్లు దిగిపోయాడు.

రాజరత్నం స్టూలెక్కి కర్నూలు జిల్లా గెజిట్ దించాడు. భార్య దయామణి కట్టిచ్చిన సద్ది విప్పకుండా మూడు గంటల దాకా వేలు పెట్టి చదివాడు. పుల్లయ్య పేరు, సర్వే నంబరు, అన్నీ ఉన్నాయి. చీటీ చింపి 'పుల్లయ్య మనవడికి' అని రాసి ఆ పేజీలో పెట్టాడు. ఒంగోలులో దొరక్క తిరిగి వస్తాడులే అని, గెజిట్ మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు.

ఐదింటికి అటెండరు సుస్మిత తాళాలు పట్టుకుని వచ్చింది. "సార్, ఇంటికి పోరా?" అంది. చెయ్యి గెజిట్ మీదే ఉంది. ప్రాణం ఎప్పుడు పోయిందో ఫ్యాను కింద కూర్చున్న పదిమందిలో ఒక్కడూ చూడలేదు. తలెత్తితే గదా!

ఆయన చోట ఎవరినీ వేయలేదు. బల్ల, కుర్చీ వరండాలో పడేశారు.

మంగళవారం వీరాంజనేయులు వట్టి చేతులతో వచ్చాడు.

"అక్కడ కూసుండే పెద్దాయన ఏడీ?"

"పోయినాడన్నా, మొన్న గురువారం."

"అయ్యో. ఏదో గెజిట్ ఉందన్నాడే బీరువాలో?"

"యాడ ఏముందో ఆయనకే తెలుసు" అంది సుస్మిత.

అతను చేసేదిలేక కంప్యూటర్ ముందుకు వెళ్ళి మళ్ళీ అదే కొట్టసాగాడు. తెర కిందికి ఉందని, ఎత్తు కోసం ఎవరో దాని కింద బల్ల మీది ఆ లావుపాటి గెజిట్‌నే పెట్టారు. పేజీల్లోంచి గోడవైపు బయటికొచ్చిన చీటీ కొస, 'పుల్లయ్య మనవడికి' అన్న అక్షరాలతో, ఫ్యాను గాలికి ఊగుతోంది.