ఖాళీ లారీ బరువు

కంపెనీలో ఎవరి కుర్చీ కదిపినా కింద ఏదో ఒకటి దొరుకుతుందని ఆడిటరు నమ్మకం. అందుకే పట్టుబట్టి కొత్త నిబంధన పెట్టించాడు: ఒకే సీటును అంటిపెట్టుకున్న ప్రతివాడూ ఏడాదికి పది రోజులు వరసగా సెలవు తీసుకోవాలి, ఆ పది రోజులూ ఆ పని మరొకడు చూడాలి. దొంగకు సెలవంటే చలిజ్వరం. వాడు లేనప్పుడే వాడి గుట్టు ఒళ్ళు విరుచుకుని లేస్తుంది.

జాబితాలో మొదటి పేరు కాటా బావది. ఆడిటరు సొంత అక్క మొగుడు. గేటు పక్కన లారీలు తూచే గదిలో పదకొండేళ్ళుగా ఒక్క పూట మానని మనిషి. సెలవులకే సెలవిచ్చేశాడని కంపెనీలో అందరూ చెప్పుకుంటారు.

"ఈ ఏటికి నా పేరు కొట్టెయ్యరా," అన్నాడు బావ. "పది రోజులు ఇంట్లో కూచుంటే మీ అక్క నన్ను తూచి పారేస్తుంది."

"రూలు పెట్టించింది నేనే బావా. నిన్ను వదిలేస్తే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వు నాలుగు విధాల చేటు, చేటు వాళ్ళకేగా!"

మాట తమాషాగానే వచ్చింది గానీ, చొక్కా గుండీని తప్పు కాజాలో దూర్చుకున్నాడు బావ.

మనుషులు చాలక కాటా గదిలో ఆడిటరే కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం కంపెనీ పాత ఇనుము కొనే వ్యాపారి లారీ వచ్చింది. పద్ధతి తేలిక. ఖాళీ లారీని తూచాలి, ఇనుము ఎక్కించాక మళ్ళీ తూచాలి, తేడా ఎంతో ఇనుము అంత. ఖాళీ బరువు ఏడువేల నాలుగు వందల కిలోలు తూగింది. పుస్తకంలో ఎప్పుడూ అంతే. ఆడిటరు చీటీ రాసిచ్చి, కాళ్ళు సాగుతాయని షెడ్డు వెనక్కి నడిచాడు.

ఎండకు పగుళ్ళిచ్చిన నేల మీద మడుగు! లారీ అడుగున బిగించిన తొట్టిలోంచి నీళ్ళు బొళబొళా కారుతున్నాయి.

"ఏంటిది?"

డ్రైవరు ఎగాదిగా చూశాడు. "కాటా సారు మీకు చెప్పి వెళ్ళలేదాండీ? తూచాక వదిలెయ్యడం మామూలే కదా. అయిదు వందల కిలోలు."

లారీ బరువులో నీళ్ళు కలిశాయి. నీళ్ళు పోయాక ఆ మేరకు ఇనుము ఎక్కుతుంది, ఏ కాగితంలోకీ ఎక్కదు. కాటా దగ్గరే ఇంత కాటు! కంపెనీ చేత బావ మూడు చెరువుల నీళ్ళు తాగించాడు.

సాయంత్రం అక్క ఇంట్లో అడిగితే బావ బుకాయించలేదు. భోజనాల బల్ల మీద వేలితో కొట్టాడు.

"మూడు నెలలకోసారి ఖాళీ లారీని దగ్గరుండి తూయించి సంతకం పెట్టాల్సింది ఎవర్రా? ఆ సంతకాలు ఎక్కడ పెట్టావ్?"

ఈ బల్ల మీదే. ఆదివారం అక్క వండేలోపు, బావ చంకన పెట్టుకొచ్చిన పుస్తకంలో. ఒక్కసారీ ఆడిటరు లారీ మొహం చూడలేదు. బావ మాటకు మళ్ళీ తూకమేమిటి అనుకున్నాడు.

"నలభై నాలుగు సంతకాలు బావమరిదీ. ఇవాళ్టిది డ్రైవరు వెధవపని అంటాను. మిగతావన్నీ నువ్వు కళ్ళారా చూసినవి. చూశానని నువ్వన్నంత కాలం నన్నెవడూ పట్టుకోలేడు. చూళ్ళేదన్నావా, ఇద్దరం పోతాం."

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "నిన్ను చదివించింది ఆయన జీతమేరా. ఈ ఇంటి తిండి మర్చిపోయావా?"

"మర్చిపోలేదక్కా. అది తిన్నాకే నాకు కళ్ళు మూసుకుపోయాయి."

మర్నాడు ఆడిటరు రాసిచ్చిన ఫిర్యాదు కాగితాన్ని మేనేజరు రెండుసార్లు చదివాడు. "రెండో పేరు నీదే రాశావు. తీసెయ్యరాదూ? ఉద్యోగంతో పోదు, కేసవుతుంది."

"తీసేస్తే మొదటి పేరు నిలబడదు సార్. చూడకుండా సంతకం పెట్టానని నేనే చెప్పాలి."

పోలీసు జీపులో బావ ముందే కూర్చుని ఉన్నాడు. పక్కకి జరగలేదు. ఆడిటరు సీటు అంచున ఒంటి తొడ మీద కూర్చున్నాడు. గేటు బయట అక్క తన మొగుడికి ఉతికిన చొక్కా అందించింది. తమ్ముడి వైపు తిరగనే లేదు.

"మీరొచ్చేదాకా ఎక్కడుంటానో అని బెంగపడకండి," అంది మొగుడితో. "నాకు పుట్టింటివాళ్ళెవరూ లేరనుకుని ఏదో ఒకటి చూసుకుంటాను."