వెయ్యి పోగుల దుప్పటి

పదో నంబరు గదిలో దిగినాయన వీపు గోక్కుంటూ కిందికొచ్చి, రిసెప్షన్ ముందు నానా రభసా చేశాడు. దుప్పట్లు కొని మూడు నెలలు తిరగలేదు, అప్పుడే ఉండలు కట్టి ఒంటికి గుచ్చుకుంటున్నాయట. మరి తప్పెవరిది? కొన్నది ఓనరుగారి బావమరిది కాబట్టి, తప్పు కచ్చితంగా ఉతికినవాళ్లదే.

"బ్లీచు గుమ్మరించి నాశనం చేశావు. సోమవారం నుంచి పనిలోకి రావద్దు," అన్నాడు ఓనరు, అందరూ వింటుండగా.

ఆ మాట పడ్డది దుప్పట్ల పిన్ని. ఆ లాడ్జిలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మూలకి మూల కలిపి మడత పెడుతున్న మనిషి. ఓనరు కూడా ఆవిడని "పిన్నీ" అనే పిలుస్తాడు. ఇవాళ ఆ పిలుపు ఎగిరిపోయింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, పిన్నికి ఒళ్లు మండింది ఓనరు మాటకి కాదు, పక్కనే బావమరిది నవ్విన ముసిముసి నవ్వుకి.

"నేను వెళ్లను. ముందు ఆ దుప్పటి సంగతి తేల్చుకుందాం రండి," అని వెనకనున్న ఉతికే గదిలోకి నడిచింది. ఇద్దరూ వెంట వెళ్లక తప్పలేదు.

"తేల్చేదేముంది? వెయ్యి థ్రెడ్ కౌంటు! నూరు శాతం కాటన్! ప్యాకెట్ మీదే రాసుంది," అన్నాడు బావమరిది.

"చదరపు అంగుళంలో పడుగూ పేకా కలిపి ఎన్ని పోగులుంటే అదీ కౌంటు. మూడు వందలో నాలుగు వందలో ఉంటే చాలు, దివ్యమైన దుప్పటి. వెయ్యి అన్నాడంటే, ఒక్కో దారంలో పేనిన సన్నపోగుల్ని కూడా విడివిడిగా లెక్కేశాడన్నమాట. ఇంట్లో మనుషులెంతమంది అంటే వేళ్లు లెక్కపెట్టి చెప్పినట్టు!" అంది పిన్ని.

తలుపు దగ్గర తొంగిచూస్తున్న వంటాయన కిసుక్కున నవ్వాడు. పిన్ని ఆయన జేబులోంచి అగ్గిపెట్టె లాక్కుంది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" ఓనరు కంగారుపడ్డాడు.

"పరీక్ష. నాది తప్పని తేలితే సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే పోతాను."

పన్నెండేళ్ల కిందట తనే ఏరి కొనిపించిన పాత నూలు దుప్పటి అంచు నుంచి ఒక పోగు లాగింది. స్టీలు పళ్లెంలో పెట్టి అంటించింది. కాగితం కాలిన వాసన వచ్చింది. వేలితో తాకితే బూడిద పొడి పొడి అయింది. తర్వాత కొత్త దుప్పటి పోగు. అది ముడుచుకుని, కరిగి, ప్లాస్టిక్ కంపు కొట్టింది. చివరికి నల్లటి పూసొకటి మిగిలింది.

చల్లారాక దాన్ని బావమరిది అరచేతిలో పెట్టింది. "నలుపు బాబూ."

నలిపాడు. నలగలేదు. నవ్వు మాత్రం చల్లగా జారుకుంది.

"బ్లీచు ఎక్కువైతే నూలు చివికి చిరుగుతుంది. ప్లాస్టిక్కయితే అయిపోదు. ఉండలు కట్టేది ఆ ప్లాస్టిక్కే, అది మిల్లులోనే కలిసింది," అంది పిన్ని.

ఓనరు గడ్డం గోక్కున్నాడు. "సరే పిన్నీ. అయిందేదో అయింది. సోమవారం వచ్చెయ్."

"రాను."

"మళ్లీ ఏమైంది?"

"పదిమంది ముందు అన్నారు, గది మూలలో వెనక్కి తీసుకుంటే ఎలా?"

ఓనరు బావమరిది వైపు చూశాడు. బావమరిది నేల వైపు చూశాడు. ఇరవై రెండేళ్ల పనిని పణంగా పెట్టిన పిన్ని చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.

చివరికి ఓనరు రిసెప్షన్‌లోకి వెళ్లాడు. పదో నంబరాయన అక్కడే ఉన్నాడు, గదులు తుడిచేవాళ్లూ ఉన్నారు. "దుప్పట్లు పాడుచేసింది పిన్ని కాదు. నాసిరకం కొన్నది మేమే," అని గొణిగాడు.

"వినపడలేదు," అంది పిన్ని, అందరికంటే వెనక నిలబడి.

ఓనరు గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాడు, ఈసారి వీధిలోకి వినపడేలా.