దగ్గరి చూపు సమ్మె

నస్పూర్ చర్చిలో పదకొండేళ్ల నుంచి వాక్యం చదివేది కనకవ్వే. అద్దాలు ముక్కు కొసకు జార్చి, వేలితో పేజీ వెతుక్కుని, ఒకసారి దగ్గి, అప్పుడు మొదలుపెట్టేది. ఈ తతంగమంతా మగ్దలేనమ్మ తన వంటింట్లో చేసి చూపించి అందరినీ నవ్వించేది. ముప్పై తొమ్మిదేళ్లకు కూడా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే కళ్లు ఆమెవి. ఆ మాత్రం గర్వం ఉంటుంది మరి.

ఈ ఆదివారం పాస్టరుగారు మగ్దలేనమ్మను చదవమన్నరు. బాగా చదివితే ఇక ఆమే. తడబడితే మళ్లీ కనకవ్వే. ఈ మాట ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

శనివారం మగ్దలేనమ్మ మిరపకాయలు దంచి కళ్లు ఎర్రగా చేసుకుంది. కిటికీలో చిన్న సీసా కనిపించింది. చెల్లెలు తన బిడ్డ కంటి పరీక్షకని డాక్టరు రాస్తే తెచ్చి, పనయ్యాక మరిచిపోయి ఇచ్చోడకు వెళ్లిపోయింది. కంటి మందు ఎవరి కంటికైతేనేం అనుకుని, మగ్దలేనమ్మ రెండు కళ్లలో రెండేసి చుక్కలు వేసుకుంది.

పొద్దున గ్రంథం తెరిస్తే అక్షరాలన్నీ తడిసిన బొగ్గుపొడి లెక్క కలిసిపోయి ఉన్నయి. తలెత్తితే మాత్రం ఎదురింటి డాబా మీద ఆరేసిన చీర అంచులో నెమళ్లను లెక్కపెట్టొచ్చు.

"ఏంజెల్, దేవుడు నాకు శిక్ష ఏసిండే."

మంచిర్యాలలో కంటి పరీక్షల కోర్సు చదువుతున్న కూతురు, సీసా చూసి మంచం మీద కూలబడింది. "దేవునికేం సంబంధం లేదవ్వా. నువ్వే ఏసుకున్నవ్. దగ్గర సూడాల్నంటే మెదడు నుంచి ఒక నరం కంటిలకు ఆర్డర్ తెస్తది. లోపల చిన్న కండ బిగుసుకుంటది, కంటి లెన్సు లావైతది, అక్షరం కనవడ్తది. గీ చుక్కలు గా ఆర్డర్‌ను కండకు అందనియ్యవు."

గడ్డం గీసుకుంటున్న మైసయ్య తల తిప్పిండు. బొగ్గు గనిలో పని ఆయనది. "అంటే సైరన్ మోగుతుంది, కార్మికులు దిగుతలేరు."

"అంతే బాపు."

"సమ్మె ఎన్నొద్దులు?"

"వారం, పదొద్దులు."

"డిమాండ్లేందో అడిగినవా?"

మగ్దలేనమ్మ మొగుని వైపు చూసింది. మందుకు కనుపాపలు పెద్దవై, నల్లగా, పెళ్లయిన కొత్తలో చూసినట్టే చూసింది. ఆ సంగతి చెప్పడానికి ఇది సమయం కాదని మైసయ్య ఊరుకున్నడు.

"లోపలి లెన్సు లావు గాకుంటే బయట లావు లెన్సు పెట్టాలె," అంది ఏంజెల్. "కనకవ్వ పెద్దమ్మ అద్దాలు సరిపోతయ్."

"సచ్చినా అడగ."

చర్చి గంట కొట్టిన్రు.

కనకవ్వ ముందు వరుసలోనే కూర్చుంది. ఒళ్లో గ్రంథం, వచనం మీద వేలు. ఎవరు తప్పు చదివినా ఆ వేలు ఆగుతుంది. మగ్దలేనమ్మ ఆమె పక్కన ఒదిగి కూర్చుని, గొంతు తగ్గించింది.

"అక్కా, జర నీ అద్దాలిస్తవా?"

కనకవ్వ ఆమెను కిందికీ మీదికీ చూసింది. "వంటింట్ల నా లెక్క చేసి సూపిస్తవట గదా. అద్దాలు లేక వేషం కుదుర్తలేదా?"

మగ్దలేనమ్మ తల దించుకుంది. కనకవ్వ అద్దాలు తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. "ఫికర్ చెయ్యకు. నాకిప్పుడు ఒక్క ముక్క కనవడదు. తప్పులు పట్టేటోళ్లే లేరు."

అద్దాలు పెట్టుకోగానే అక్షరాలు వరుసలో నిలబడ్డయి. తలెత్తితే మనుషులంతా పొగమంచు. భయపడదామంటే ఒక్క మొహమూ లేదు. అద్దాలు ముక్కు కొసకు జారినయి. మగ్దలేనమ్మ వేలితో పేజీ వెతుక్కుని, ఒకసారి దగ్గి, గొంతు విప్పింది. వెనక వరుసలో మైసయ్య నవ్వాపుకోలేక మోకాళ్ల మీద తల పెట్టిండు. అదీ ఆమెకు కనిపించలేదు.

తిరిగొచ్చి అద్దాలిస్తుంటే కనకవ్వ మెల్లగా అంది. "ఆరో వచనం ఎగరగొట్టినవ్."

"నీకు అద్దాలు లేవు గదక్కా?"

"సెవులకెందుకే అద్దాలు."

ఆరాధన ముగిశాక గేటు దగ్గర పాస్టరుగారు కనకవ్వను ఆపిన్రు. "ఇగ ఆమెనే చదవమందామా?"

పక్కనే నిలబడ్డ మగ్దలేనమ్మ చెవులు రిక్కించింది.

"చదవనీండ్రి," అంది కనకవ్వ. "అచ్చం నా లెక్కనే చదువుతది."