తోబియాస్ షాప్‌కాట్ అమ్మిన ఇల్లు

మోర్వెన్ ప్రౌస్ అప్పటికే కప్పులన్నీ వార్తాపత్రికల్లో చుట్టి పెట్టెలో సర్దేసింది. అందుకని నాకు టీ జామ్ సీసాలో పోసి ఇచ్చింది. వేళ్లు కాలకుండా సీసా చుట్టూ ఉన్ని మేజోడు తొడిగింది. ఉతికిందేనని చెప్పింది కూడా.

బుల్ హిల్ మీద ఉన్న ఆ ఇంట్లో నాలుగు గదులు, నలుగురు ఆడవాళ్లు. నలుగురి భర్తలూ సముద్రం మీద పోయినవాళ్లే. మోర్వెన్ భర్త చేపల పడవతో సహా లండీ ద్వీపం అవతల మునిగిపోయాడు. ఆ ఏడాదే ఆమె ఈ గదిలోకి వచ్చింది. ఇప్పుడు ఎనభై దాటాయి. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. పోటు వచ్చిందో లేదో చూడందే ఆమె రొట్టె ముట్టదు.

ఆ ఇంటిని షాప్‌కాట్ ట్రస్టు అమ్మాలనుకుంటోంది. ఆడవాళ్లను సముద్రం కనిపించని ఊళ్లో కొత్త గదులకు పంపుతారట. మూడు వందల యాభై ఏళ్ల కిందటి వర్తకుడు తోబియాస్ షాప్‌కాట్ ఈ ఇంటిని వీలునామాలో దానంగా ఇచ్చి ఉంటే ట్రస్టుకు అమ్మే హక్కు లేదు. అలా కాక ట్రస్టు తర్వాతెప్పుడో సంపాదించుకున్నదైతే అమ్ముకోవచ్చు. ఇన్నాళ్లూ అందరూ దానమనే అనుకున్నారు. ఈలోగా ట్రస్టు అధ్యక్షుడు హానఫోర్డ్ గారికి పాత క్రయ దస్తావేజు ఒకటి దొరికింది. దాని సారాంశాన్ని టైపు చేయించి అందరికీ పంచాడు. తోబియాస్ షాప్‌కాట్ బుల్ హిల్ ఇంటిని 1665 ఫిబ్రవరి 9న అమ్మేశాడు. అదే 1665లో మే నెల మొదట్లో కన్నుమూశాడు. అమ్మేసిన ఇంటిని దానం చేయడం కుదరదు గదా.

మోర్వెన్ ఆ కాగితం నా ముందు పెట్టింది. "చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు నాయనా. పెట్టెకి తాడు కట్టేయమంటావా?"

ఫిబ్రవరి అన్న మాట దగ్గరే నా చూపు ఆగింది.

"తాడు అక్కడ పెట్టండమ్మా," అన్నాను. "నేను అసలు దస్తావేజు చూసి వస్తాను."

పాత కుటుంబాల జాడ తీయడం నాకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న అలవాటు. నా భార్య ఆడ్రీ పోయాక అదే నా రోజువారీ పని అయింది. మా డెవన్ జిల్లా వాళ్ల వీలునామాలు చాలా మటుకు రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కాలిపోయాయి. అయితే రెండు మూడు ప్రాంతాల్లో ఆస్తి ఉన్నవాళ్ల వీలునామాలు లండన్‌లో నమోదయ్యేవి. షాప్‌కాట్ న్యూఫౌండ్‌లాండ్ ఎండుచేపలు, వర్జీనియా పొగాకు తెచ్చి అమ్మినవాడు, బ్రిస్టల్‌లోనూ గిడ్డంగి ఉన్నవాడు. అతని ధనమే అతని మాటను మంటల నుంచి కాపాడింది.

వీలునామా నకలు ఇంట్లోనే కూర్చుని చదివాను. ఆ గుమాస్తా ఎవరో గాని అక్షరం ముత్యం. కళ్లు మసకబారిన ముసలివాడి కోసమే రాసినట్టు వరుసకీ వరుసకీ మధ్య చోటు వదిలాడు. మొదటి భార్య కొడుక్కి రేవు దగ్గర గిడ్డంగి. కొడుకు పేరూ తోబియాసే. రెండో భార్య థామసిన్‌కి నివాసగృహం, వెండి సామాను. బుల్ హిల్ ఇల్లు మాత్రం, "సముద్రం భర్తలను తీసుకున్న ఈ ఊరి ఆడవాళ్లు అద్దె లేకుండా ఉండడానికి, ఎల్లకాలం." కింద నమోదు తేదీ 1665 మే. అంతవరకూ హానఫోర్డ్ గారు చెప్పింది నిజమే.

మర్నాడు బస్సెక్కి రికార్డు ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగిని దస్తావేజును మెత్తటి దిండు మీద పరిచింది. చలికి ముడుచుకున్న నా చేతులు చూసి, అడగకుండానే హీటరును నా వైపు తిప్పి వెళ్లింది. ఆడ్రీ సూదిలో దారం ఎక్కించడానికి వాడే భూతద్దం తీశాను. 1665, ఫిబ్రవరి 9. సరే. హానఫోర్డ్ గారు టైపు చేయించకుండా వదిలేసిన ముక్క ఆ పక్కనే ఉంది, 'మన ప్రభువు రెండవ చార్లెస్ ఏలుబడిలో పద్దెనిమిదవ ఏట'. ఇంకేమీ చూడనక్కర్లేకపోయింది. భూతద్దాన్ని జేబులో పెట్టుకుని, ఆడ్రీకి చెప్పినట్టుగా నాలో నేనే, "దొరికింది" అన్నాను.

ఒక్కటే మిగిలింది. తండ్రి అమ్మకపోతే ఎవరు అమ్మారు, ఇల్లు మళ్లీ ఆడవాళ్లకు ఎలా చేరింది? దానికి థామసిన్ జాడ పట్టాను. బ్రిస్టల్ గిడ్డంగిలో ఆమెకూ వాటా ఉంది కాబట్టి ఆమె వీలునామా కూడా లండన్ నకళ్లలోనే దొరికింది.

గురువారం చర్చి హాలులో ట్రస్టు సమావేశం. నలుగురు ఆడవాళ్లూ కోట్లు విప్పకుండానే ముందు వరుసలో కూర్చున్నారు. హానఫోర్డ్ గారు బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, మర్యాదస్థుడు. తనకూ ఇది సంతోషంగా లేదని, ఇంటి కప్పు పాడైపోయిందని, దస్తావేజు చెప్పేది చెప్పక తప్పదని అన్నాడు.

"ఫిబ్రవరిలో అమ్మాడు, మేలో పోయాడు. ఇందులో తికమక ఏముంది లగ్ గారూ?" అని నన్నడిగాడు.

"తికమకేం లేదండీ. మేలోనే పోయాడు, ఇల్లు ఫిబ్రవరిలోనే అమ్ముడైంది. ముందు ఒక్క మాట చెప్పండి. మీ బ్యాంకులో పన్నుల ఏడాది ఎప్పుడు మొదలయ్యేది?"

"ఏప్రిల్ ఆరున. ఈ దేశంలో ఎవరికైనా అంతే."

"జనవరి ఒకటి ఉండగా ఏప్రిల్ ఆరు ఎందుకంటారు?"

ఆయన తన ముందున్న కాగితంలో తేదీ వైపు చూశాడు. నేను చెప్పాను. షాప్‌కాట్ కాలంలో మన దేశంలో సంవత్సరం మారేది జనవరిలో కాదు, మార్చి ఇరవై అయిదున, మేరీమాత పండుగనాడు. తర్వాత క్యాలెండరు మార్చినప్పుడు తేదీలు పది పన్నెండు రోజులు ముందుకు జరిగాయి. ఖజానా మాత్రం తన పాత ఏడాదిని వదలకుండా ఏప్రిల్‌కు నెట్టుకొచ్చింది. అంటే వాళ్ల 1665 మార్చి చివర్లో మొదలైంది. మే ముందు వచ్చింది, ఫిబ్రవరి చిట్టచివర వచ్చింది. ఇల్లు అమ్ముడైన ఫిబ్రవరి నాటికి పెద్ద షాప్‌కాట్‌ను పాతిపెట్టి తొమ్మిది నెలలు కావస్తోంది.

"రాజుగారి లెక్కా అదే చెబుతోంది," అన్నాను. "రెండవ చార్లెస్ తన ఏలుబడిని తండ్రి తల తెగిన రోజు నుంచి, అంటే ఇప్పటి లెక్కలో 1649 జనవరి 30 నుంచి, లెక్కపెట్టుకున్నాడు. పద్దెనిమిదో ఏట ఫిబ్రవరి అంటే మన లెక్కలో 1666."

మోర్వెన్ పక్కావిడ వైపు తిరిగింది. "చచ్చినవాడు లేచొచ్చి సంతకం పెట్టాడా? మా ఆయన బతికున్నప్పుడే దానికి బద్ధకించేవాడు."

సంతకం కొడుకుదని, తండ్రి పేరే అతని పేరని చెప్పి, థామసిన్ వీలునామా నకలు హానఫోర్డ్ గారి ముందు పెట్టాను. దాన్ని నేను చదవదలచుకోలేదు. ఆయనే కళ్లద్దాలు సర్దుకుని, మెల్లగా, పైకి చదివాడు.

"నా భర్త కొడుకు తనది కాని బుల్ హిల్ ఇంటిని అమ్ముకున్నాడు. దాన్ని నా సొంత సొమ్ముతో తిరిగి కొన్నాను. నా భర్త ఎవరికి ఇమ్మన్నాడో ఆ ఆడవాళ్లకే మళ్లీ ఇస్తున్నాను. ఆ కొడుకు మీద నాకు కోపం లేదు. కుర్రవాడు, భయపడ్డాడు."

హానఫోర్డ్ గారు ఆ చివరి వాక్యాన్ని లోలోపల మళ్లీ చదువుకోవడం చూశాను. ట్రస్టు వకీలు నకలు తీసుకుని రెండు నిమిషాలు చూసి, ఇది దానమేనని, అమ్మడానికి వీల్లేదని చెప్పాడు.

"ఉద్యోగమంతా ఏప్రిల్ అయిదున లెక్కలు మూశాను," అన్నాడు హానఫోర్డ్ గారు. "ఎందుకని ఒక్కసారీ అడగలేదు." కలం తీసి ఎజెండాలో అమ్మకం అన్న అంశాన్ని కొట్టేశాడు. దాని స్థానంలో 'కప్పు మరమ్మతు' అని రాసి, చందా జాబితాలో మొదటి పేరు తనదే వేసుకున్నాడు.

బుల్ హిల్ ఎక్కేసరికి మోర్వెన్‌కీ నాకూ ఆయాసం వచ్చింది. ఇంట్లోకి రాగానే ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి పోటు చూసింది. తర్వాత టీ నీళ్లు పెట్టి, కాలితో పెట్టెను నా వైపు తోసింది.

"విప్పు నాయనా. ఎవరు ఒద్దన్నా వినకుండా అన్నీ నేనే చుట్టాను. ఇప్పుడు మోకాళ్లు వంగనంటున్నాయి."

నేల మీద కూర్చుని ఒక్కో కప్పునూ విప్పాను. నీలంరంగు అంచు, ఒకదానికి పిడి లేదు. పిడి లేనిది నేను తీసుకోబోతే, అది మా ఆయనది, ముట్టుకోకు, అంది. నాకు మంచిది ఇచ్చింది. ఆయన కప్పును తుడిచి కిటికీ గట్టు మీద, రేవు వైపు పెట్టింది.