ఖాళీ స్థలం

"ఉన్నది ఉన్నట్టు చదవండి బాబూ."

దస్తావేజులు రాసే ముసలాయన కళ్లజోడు సర్దుకున్నాడు. ఎదురుగా ఇస్త్రీ పిన్ని. మొగుడు పోయాక, గుడ్డలిచ్చేవాళ్లు తప్ప పలకరించే దిక్కు లేని మనిషి. స్థలం చేతులు మారిందేమో చూసుకుందామని ఇంటి నంబరు మీద రిజిస్ట్రారు ఆఫీసులో ఎప్పుడు ఈసీ కాగితం తీయించినా 'లావాదేవీలు లేవు' అనే వచ్చేది. ఈసారి ముసలాయన సర్వే నంబరు మీద వెతికించాడు.

"నీ ఇల్లొక్కటే కాదమ్మా, వీధి వీధంతా ఎవరో కాంట్రాక్టరు పేర క్రయదస్తావేజైపోయింది. అందులో ఇళ్ల ఊసే లేదు. ఖాళీ స్థలం అని రాయించాడు. రేపు పొద్దున సర్వేవాళ్లు కొలతలకొస్తున్నారు."

"ఖాళీయా! మరి మేమంతా దెయ్యాలమా?"

ఆ సాయంత్రం ఆమె మొదటిసారి ఒకరి తలుపు తట్టింది. సిగ్గేసింది, అయినా తట్టింది. కుళాయి దగ్గర అందరూ చేరాక తెలిసింది, ప్రతి ఇంట్లోనూ అదే 'లావాదేవీలు లేవు' ఈసీ ఉందని. పక్కింటికి చెప్పకుండా ఎవరి భయం వాళ్లు దాచుకున్నారు.

"మనవి తెల్లకాగితాల మీద కొన్నవి పిన్నీ. రిజిస్టరైన దాని ముందు నిలబడతాయా?" అన్నాడు ఆటో డ్రైవరు.

"కాగితం సంగతి కోర్టులో చూద్దాం. రేపు మనం నిలబడదాం. పనుల్లోకి పోయామా, తాళాలు చూసి ఎవరూ లేరని రాసుకుపోతారు."

"కూలి పోతే పొయ్యెట్లా వెలుగుద్ది?"

"ఇల్లే పోతే పొయ్యెక్కడ పెడతావురా?"

తెల్లారి కాంట్రాక్టరు, సర్వే అధికారి పోలీసులతో, జేసీబీతో వచ్చారు. ప్రతి గడపలోనూ మనుషులే, ప్రతి ఇంటిమీదా పొగే. కాంట్రాక్టరు మొహం మాడిపోయింది.

"వీళ్లని ఎగదోసిందెవరు?"

"నేనే పిలిచా," అంది పిన్ని.

ఆమెను వ్యానెక్కించారు. అప్పుడు వెనక్కి తిరిగి తన ఇంటివైపు చూసింది. తన పొయ్యి చూసేవాళ్లెవరు? ఇన్నేళ్లూ తను లేకపోతే ఆ ఇంట్లో దీపం పెట్టినవాళ్లు లేరు.

"ముందు ఆ ఇల్లు కొట్టండి, అందులో ఎవరూ లేరు!" అరిచాడు కాంట్రాక్టరు.

జనం కదిలారు. ఆటో డ్రైవరు పెళ్లాం తన బియ్యపు గిన్నెతో పిన్ని ఇంట్లోకి దూరింది. వెనకే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. గడప నిండిపోయింది.

"ఈ ఇంట్లో ఉండేదెవరు?" గద్దించాడు అధికారి.

"మేమే!" అంది వీధంతా.

వ్యాను కదిలింది. ఊచల్లోంచి పిన్ని తన కప్పు మీద పొగ చూసింది. ఏడుస్తూనే, పిడికిలి బయటకు చాపింది.