ఎలుకకి వారంటీ లేదు

బానెట్ ఎత్తగానే ఎలుక దూకింది. సర్వీసు మేనేజరు కుర్చీ ఎక్కాడు.

"పట్టుకోండి! చంపకండి, అది సాక్ష్యం!" అని అరిచాడు వారంటీ కంపెనీ ఇన్‌స్పెక్టరు.

సాక్ష్యం ఆయన బూట్ల మధ్య నుంచే పరుగెత్తి, కార్లు కడిగేచోట ఉన్న కాలువలోకి జారుకుంది.

ఆ వర్క్‌షాపులో ఇన్‌స్పెక్టరుని అందరూ 'కుదరదు గారు' అంటారు. ఆయన నోట ఇంకో మాట విన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. కుదరదు గారు టార్చి వేసి ఇంజన్ లోపలికి తొంగి చూశాడు. ఇంజన్‌కి మెదడులాంటి కంప్యూటరుకి వెళ్ళే వైర్ల కట్ట పీచుపీచుగా వేలాడుతోంది. అదంతా మార్చే ఖర్చుతో మామూలు కారు ఒకటి కొత్తది కొనుక్కోవచ్చు.

"కుదరదు" అన్నాడు తల ఎత్తకుండానే. "ఎలుకలు కొరికితే వారంటీ వర్తించదు."

కస్టమర్ల బళ్ళు దించుకుని, బాగయ్యాక ఒప్పజెప్పే సర్వీసు అడ్వైజరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఎందుకంటే ఆ కారు అతని బావది. బావ అంటే మామూలు బావ కాదు, ఊళ్ళో పేరుమోసిన షుగరు డాక్టరు. సర్వీసు మేనేజరు ఆయన పేషెంటు. అడ్వైజరుకి ఈ ఉద్యోగం వచ్చింది కూడా ఆ చనువు వల్లే. 'ఏమొచ్చినా కంపెనీ చూసుకుంటుంది, మీరు కాలు మీద కాలేసుకుని కూర్చోండి బావగారూ' అని ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టింది కూడా ఇతగాడే.

బావ ఇప్పుడు కాలు మీద కాలేసుకునే కూర్చున్నాడు, అద్దాల గదిలో, కొత్త సూటులో. పక్కన అక్క, అక్క అత్తగారు. ముగ్గురూ పెళ్ళికి బయల్దేరితే కారు నడిరోడ్డు మీద గుడ్లు తేలేసింది. లాగుడు బండి వెనక వేలాడుతూ ఇక్కడికి చేరింది.

విషయం వినగానే బావ లేచి బయటికొచ్చాడు, వెనకే ఆడవాళ్ళిద్దరూ. పేషెంటు లడ్డూలాంటిదేదో తిన్నానని ఒప్పుకున్నప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

"మా ఇంట్లో ఎలుకలా? మా ఇంట్లో చీమ కూడా ఉండదు, ఉంటే ఆకలితో చావాలి. పోయిన నెల తలుపు సొట్ట తీయడానికి బండి వారం రోజులు ఇక్కడే పెట్టుకున్నారు. ఎలుక ఇక్కడిదే."

కుదరదు గారు చెవులు నిక్కించాడు. "మీ వర్క్‌షాపులో ఉన్నప్పుడే ఎలుకలు చేరితే ఖర్చు వర్క్‌షాపుది. డాక్టరుగారి దగ్గర చేరితే డాక్టరుగారిది. మాది మాత్రం కాదు."

మేనేజరు కుర్చీ దిగాడు. పేషెంటుకి డాక్టరు మీదున్న భక్తి, మేనేజరుకి తన కుర్చీ మీదున్న భక్తి, రెండూ కలిసి ఒక్క అడ్వైజరు మీద పడ్డాయి.

"ఆ వారం బండి ఒప్పజెప్పింది నువ్వే కదయ్యా? లోపలా బయటా చూశానని సంతకం పెట్టింది నువ్వే కదా? వర్క్‌షాపు తప్పని తేలితే నీ డెస్కు ఖాళీ చేసుకో. తేల్చు. ఇప్పుడే."

అడ్వైజరు చొక్కా చేతులు మడిచాడు. వెనక సీటు కింద కార్పెట్ ఎత్తాడు. వెతకబోయిన తీగ కాలికే తగిలింది. బంతంత గూడు! కాగితం ముక్కలతో, బంగారు రంగు రేకులతో అందంగా అల్లుకుంది ఆ మహాతల్లి. ఒక ముక్క తీసి వెలుతురులో చూశాడు. బావ క్లినిక్‌లో పంచే కరపత్రం. పెద్దక్షరాల్లో 'తీపి' వరకే మిగిలింది. 'మానండి' అన్న మాట ఎలుక నమిలేసింది.

"ఈ రేకులు చాక్లెట్లవి" అన్నాడు కుదరదు గారు, ముక్కు దగ్గర పెట్టుకుని. "ఖరీదైనవే."

"మీ పనివాళ్ళు తిని పడేసి ఉంటారు" అన్నాడు బావ.

"మా వాళ్ళకిచ్చే జీతాలకి అంత ఖరీదు చాక్లెట్లు రావండీ" అన్నాడు మేనేజరు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

బావ చూపు చటుక్కున పక్కకి తిరిగింది. "అమ్మా! నిజం చెప్పు. హ్యాండ్‌బ్యాగులో దాచుకుని వెనక సీట్లో కూర్చుని తింటున్నావు కదూ? ఎన్నిసార్లు చెప్పాను, నీ షుగరుకి..."

పెద్దావిడ చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఏరా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే నా భుజాలు తడుముతావేంట్రా? నేను తీపి మొహం చూసి ఎన్నేళ్ళయింది! మీ ఆవిడ కాఫీలో చక్కెర వేయడం మానేసింది, నువ్వు పక్కింటివాళ్ళక్కూడా నాకివ్వొద్దని చెప్పొచ్చావు. నాకు చాక్లెట్లు ఆకాశం నుంచి ఊడిపడతాయా?"

"మా అత్తయ్య అలాంటి పని చేయరండీ" అంది అక్క. ఇంట్లో ఎవరేం తినాలో తూకం వేసి పెట్టేది ఆవిడే. ఆవిడ వంటింట్లో బెల్లం డబ్బాకి కూడా తాళం ఉంటుంది.

అడ్వైజరు వినడం లేదు. వాసన పడుతున్నాడు. వెనక సీట్ల మధ్య చెయ్యి ఆనించే దిమ్మలో చిన్న ఫ్రిజ్ ఉంది. దాని వెనక రబ్బరు గొట్టాన్ని డిక్కీ వైపు నుంచి ఎవరో గుండ్రంగా కొరికేశారు. లోపల్నుంచి కమ్మగా, కాస్త పులిసినట్టుగా ఏదో గాలి వస్తోంది.

"బావగారూ, ఈ ఫ్రిజ్ తెరవాలి."

"అందులో ఏముందిరా, ఇన్సులిన్ పెడదామని తీసుకున్నాను. వాడనే లేదు. కోడ్ మర్చిపోయాను."

అడ్వైజరుకి గుర్తుంది. బండి కొత్తగా ఒప్పజెప్పిన రోజు బావ నాలుగంకెల కోడ్ పెట్టుకుంటుంటే మర్యాదకి తను వీపు తిప్పి నిలబడ్డాడు. ఆ కోడ్ బావ ఒక్కడికే తెలుసు.

"కంపెనీ నుంచి మనిషి రావాలేమో. వారం పడుతుందిలే" అన్నాడు బావ, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. ఏసీ గదిలోంచి ఇప్పుడే వచ్చిన మనిషికి అంత చెమటా?

"మూడుసార్లు ప్రయత్నించొచ్చు" అన్నాడు కుదరదు గారు. "మూడూ తప్పితే ఇవాళ్టికి తెరుచుకోదు. నేను మళ్ళీ రాను. వర్క్‌షాపు తప్పని రాసేసి పోతాను."

అక్క ముందుకొచ్చింది. "నా పుట్టినరోజు కొట్టరా తమ్ముడూ. మీ బావ అన్నిటికీ అదే పెడతానంటారు."

కొట్టాడు. ఎర్రలైటు.

అక్క మొహం కొంచెం మాడింది. "పోనీ పెళ్ళిరోజు."

ఎర్రలైటు. ఈసారి మొహం బాగానే మాడింది. "ఏమండీ, ఇంతకీ ఏం పెట్టారు?"

"మర్చిపోయానన్నాగా! ఇక వదిలెయ్యరా బామ్మర్దీ, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు బావ. ఆయన భుజాలు తేలికపడ్డాయి. మేనేజరు గడియారం చూసుకున్నాడు. కుదరదు గారు పెన్ను మూత తీశాడు. అడ్వైజరు వేలు బటన్ల మీద గాల్లో ఆగిపోయింది. ఇంకొక్క తప్పు, అంతే. రేపట్నుంచి డెస్కూ లేదు, అక్క గడప తొక్కే మొహమూ లేదు.

"నాయనా" అంది పెద్దావిడ, కర్ర మీద గడ్డం ఆనించి. "వీడికి మెడిసిన్‌లో ఎంత ర్యాంకు వచ్చింది?"

అడ్వైజరు ఆవిడ వంక చూశాడు. ఆ ర్యాంకు తెలియనివాడు ఆ కుటుంబంలో లేడు. పెళ్ళిచూపుల్లో చెప్పాడు. పెళ్ళిలో మైకులో చెప్పాడు. బామ్మర్ది డిగ్రీ తప్పిన ప్రతిసారీ పిలిచి మరీ చెప్పాడు. నూట పద్నాలుగు.

"అమ్మా, నువ్వూరుకో!" బావ గొంతు కీచుమంది.

సున్నా. ఒకటి. ఒకటి. నాలుగు.

పచ్చలైటు.

మూత దానంతటదే నాజూగ్గా లేచింది, ఖరీదైన కారు కదా. లోపల సగం తిన్న చాక్లెట్ కేకు, బంగారు రేకు చుట్టిన చాక్లెట్లు, క్రీము బన్నులు, మూత తీసిన తియ్యటి పాలడబ్బా. కేకు మీద వెల్లకిలా పడుకుని ఉంది ఇంకో ఎలుక. చచ్చిందనుకున్నారు. కాదు, తిని తిని కదల్లేక పడుకుంది. వెలుతురు పడగానే ఒక కన్ను తెరిచి, పరవాలేదనుకుని మళ్ళీ మూసుకుంది.

మేనేజరు మళ్ళీ కుర్చీ ఎక్కాడు.

పాలడబ్బాలో చెంచా ఉంది. వెండిది. అక్క దాన్ని రెండు వేళ్ళతో పైకి తీసింది.

"ఇది నా చెంచా. ఇది పోయిందనే కదండీ వంటావిడని మాన్పించాను. ఆవిడ ఏడుస్తూ వెళుతుంటే, 'ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మకూడదే' అన్నారు మీరు. గుమ్మంలో నిలబడి మరీ అన్నారు."

బావ టై సర్దుకున్నాడు. ఆ టైకి క్రీము మరక ఉందని అందరికీ అప్పుడే కనిపించింది.

కుదరదు గారు గొంతు సవరించుకున్నాడు. "కారణం అన్నచోట ఏం రాయమంటారు? అడ్వైజరుగారు చెప్పాలి. బండి విప్పింది ఆయన కనక ఆయన మాటే రాస్తాను."

మేనేజరు కుర్చీ మీంచే వంగి చెవిలో ఊదాడు. "తెలియదని చెప్పు. డాక్టరుగారు పెద్దమనిషి. నీ సంగతి తరవాత నెమ్మదిగా చూద్దాం." ఆ నెమ్మది ఎలా ఉంటుందో అడ్వైజరుకి తెలుసు. నెలాఖరుకి ఆ డెస్కులో ఇంకొకడు కూర్చుంటాడు.

బావ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. "బామ్మర్దీ, మనం మనం ఒకటి. వంటావిడ సంగతి... అమ్మే తిన్నదని చెబితే ఎవరికీ నష్టం లేదురా. పెద్దది, ఎవరూ ఏమనరు."

పెద్దావిడ ఆ మాట వింది. కొడుక్కి వీపు తిప్పి, వెళ్ళి కోడలి పక్కన నిలబడింది.

అడ్వైజరు అక్క వంక చూశాడు. అక్క చెంచా కొసతో బావ వైపు చూపించింది.

"చెప్పరా తమ్ముడూ. గట్టిగా చెప్పు. ఆవిడ్ని మాన్పించినప్పుడు వీధంతా వినేలా అరిచాను నేను."

అతను భుజం మీది చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

"రాసుకోండి సార్" అన్నాడు, కార్లు కడిగే కుర్రాళ్ళు కూడా పైపు కట్టేసి తిరిగి చూసేలా. "ఈ ఎలుకల్ని కారులోకి పిలిచి, కేకులు పెట్టి మేపింది వర్క్‌షాపు కాదు. పెద్దావిడా కాదు. మా బావ. షుగరు డాక్టరు."